పోరుమామిళ్ల చెరువు, మన చేతిలోని రూపాయి

కడపసీమలో పోరుమామిళ్ల అను ఊరున్నది. ఆ ఊరికి ఒక పెద్ద చెరువున్నది. ఆ చెరువు చెంత రెండు రాతిపలకల మీద చెక్కిన సంస్కృత శాసనమొకటి ఉన్నది. ఈ పూట నేను మాట్లాడవలసినది దేశములోని డబ్బును గురించి. పండితులు ద్రవ్య సరఫరా అని పేరుపెట్టి, సామాన్యులు దరిచేరకుండ చుట్టూ ముళ్లకంచె వేసిన విషయమది. అయినను నేను ఆ చెరువు కట్ట మీదనే కూర్చుండి మాట మొదలుపెట్టుచున్నాను. ఎందుకో వినండి.

విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుండి ఈ సీమను ఏలుచున్న కాలములో, క్రీస్తుశకము 1369వ సంవత్సరము నాటికి, వేయిమంది కూలీలతో నూరు బండ్లతో రెండేండ్లు శ్రమపడి ఆ చెరువును కట్టించినాడు. శాసనములు సామాన్యముగా దాత వంశమును పొగడి, ఇచ్చిన భూమిని చెప్పి, దానిని అపహరించువానికి పాపము చుట్టుకొనునని శపించి ముగియును. ఇది అట్లు ముగిసినది కాదు. మంచి చెరువుకు ఉండవలసిన అంగములు పన్నెండని, చెరువుకు రాగూడని దోషములు ఆరని లెక్కపెట్టి చెప్పినది. ఆరింటిని వరుసగా చదివి మిమ్ములను అలయజేయను. రెండింటిని మాత్రము చెవిని వేసికొనండి. నీరు కొంచెమై నేల విస్తారమగుట ఒక దోషము. నీరు విస్తారమై నేల కొంచెమగుట మరియొక దోషము.

ఈ రెండు మాటలే నా ప్రసంగము. నీరు తక్కువైనను దోషమే, ఎక్కువైనను దోషమే. నీటికి తగిన నేల ఉండవలెను, నేలకు తగిన నీరుండవలెను.

నీరు అన్నచోట డబ్బు అని చెప్పుకొనండి. నేల అన్నచోట పంటలు, బట్టలు, ఇటుకలు, నాపరాళ్లు, మంగలి పని, మాస్టరు చదువు, సమస్తమైన సరుకులు సేవలు అని చెప్పుకొనండి. నీరు లేనిదే మడి పండదు. కాని నీరే పంట కాదు. డబ్బు లేనిదే సరుకు చేతులు మారదు. కాని డబ్బే సరుకు కాదు.

ముందు నీరు తక్కువైన కథ చెప్పుదును. అది మన ఇంటి కథ.

1800వ సంవత్సరములో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసినాడు. అందుకే దీనికి దత్తమండలమని పేరు వచ్చినది. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వరకు ఉండి, పొలము పొలము కొలిపించి, రైతు రైతుకు శిస్తు కట్టినాడు. ఆ శిస్తు ధాన్యరూపమున కాదు, రొక్కముగా చెల్లించవలెను. ఇక్కడ ఆగి ఆలోచించండి. జొన్నలు పండించువానికి జొన్నలుండును గాని నాణెములెక్కడివి? వాడు జొన్నలమ్మి నాణెములు తెచ్చుకొనవలెను. ఊరిలో నాణెములు సమృద్ధిగా తిరుగుచుండినంత కాలము ఇది సాగును. అవి అరుదైనచో ఏమగును?

అదే అయినది. సుమారు 1825 మొదలుకొని 1854 వరకు మద్రాసు రాజధానిలో ధరలు పడిపోయి, లేవలేక, రైతును నేలకు అణచివేసినవి. చరిత్రకారులు దానిని మద్రాసు ఆర్థిక మాంద్యమని ప్రత్యేకముగా గ్రంథస్థము చేసినారు. నాణెము శిస్తుగా ఊరు వదలి పోవుటయే గాని తిరిగి వచ్చు దారి సన్నగిల్లినది. అంతకుముందు కంపెనీవారు నేతబట్టలు కొన్నప్పుడు వెండి పల్లెలలోనికి వచ్చుచుండెను. విలాయతి మిల్లుబట్ట వచ్చి ఆ కొనుగోలు క్షీణించినది. 1833 నాటి చట్టముతో కంపెనీ వ్యాపారమే నిలిచిపోయినది. నీరు వచ్చు కాలువ పూడిపోయి, తూము మాత్రము బారుగా తెరచియున్న చెరువు వలె అయినది పల్లె.

ఒక రైతును ఊహించుకొందాము. వాని శిస్తు పది రూపాయలు. పూర్వము ఐదు మూటల జొన్నలమ్మిన శిస్తు తీరుచుండెను. ధర సగమైనది. ఇప్పుడు పది మూటలు అమ్మవలెను. వాని పొలము తగ్గలేదు, వాన తగ్గలేదు, వాని ఎద్దులు ముసలివి కాలేదు. పంట ఎప్పటివలె పండినది. అయినను వాడు బీదవాడైనాడు. ఎందుకనగా వాని నేలకు తగినంత నీరు, అనగా వాని సరుకుకు తగినంత డబ్బు, ఊరిలో లేదు. నీరు కొంచెము, నేల విస్తారము. శాసనమునుండి నేను చెప్పిన రెండింటిలో మొదటి దోషము ఇదే.

ఇంత పాత కథ మాకెందుకని ఎవరైన అనుకొందురేమో. కొత్త కథ కూడ ఉన్నది. 2016 నవంబరు 8వ తేదీ రాత్రి ఐదువందల, వేయి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటన వచ్చినది. దేశములోని నోట్ల విలువలో నూటికి 86 వంతులు ఆ రెండు నోట్లే. మన సీమలో అది బుడ్డలు పెరికి, కాయలు ఆరబోసి, పత్తి తీసి మార్కెట్టుకు తోలు కాలము. ఆ వారములో నేనొక మార్కెట్ యార్డుకు పోయినాను. కాయల రాసులున్నవి. కొను వ్యాపారి ఉన్నాడు. తూచు హమాలీ ఉన్నాడు. లేనిదొక్కటే, ఇచ్చుటకు నోటు. దళారి ఒకడు చిత్తుకాగితము మీద మొత్తము వ్రాసి సంతకము పెట్టి, “పెద్దాయనా, పది దినాలు తాళుకో” అని ఒక వృద్ధుని చేతిలో పెట్టుచుండెను. ఆ వృద్ధుడు చీటీని తిప్పి తిప్పి చూచి, “ఈ కాగితము చెల్లుతాదా, లేక దీన్ని కూడా రద్దు చేస్తారా?” అని అడిగినాడు. నవ్వినవారున్నారు. నాకు మాత్రము నవ్వు రాలేదు. డబ్బు అనగా ఏమి అను ప్రశ్నను అంత సూటిగా అడిగిన విద్యార్థి నాకు తరగతిలో తగులలేదు.

రద్దయిన నోట్ల విలువ 15 లక్షల 41 వేల కోట్లు. అందులో 15 లక్షల 31 వేల కోట్లు బ్యాంకులకు తిరిగి వచ్చినవని రిజర్వు బ్యాంకు తరువాత లెక్క తేల్చినది. నీరు మాయమైపోలేదు. చెరువులోనే ఉన్నది. కాని తూములు మూసియుండగా పైరు తడియవలసిన వారములు గడచిపోయినవి.

ఇక ఆ వృద్ధుని ప్రశ్నకు వత్తము. కాగితము ఎట్లు చెల్లును? డబ్బు ఎక్కడ పుట్టును?

ముద్రణాలయములో పుట్టునని మీరందురు. అది చిన్న వంతు మాత్రమే. మన దేశములో ప్రజల చేతులలోనున్న నోట్లు నాణెములన్నియు కలిపి, మొత్తము డబ్బులో ఏడెనిమిది వంతులలో ఒక వంతు. మిగిలినదంతయు బ్యాంకు ఖాతాలలోని అంకెలు. ఆ అంకెలు ఎట్లు పుట్టునో చెప్పుటకు, నన్ను ఒక జొన్న పాతర వద్దకు పోనీయండి.

మన నల్లరేగడి పల్లెలలో పూర్వము నేలలో గొయ్యి త్రవ్వి, అడుగున గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన మన్ను కప్పి, ఏండ్ల తరబడి దాచుచుండిరి. చిన్నవారు చూచి ఉండరు; ఇంటిలోని పెద్దవారిని అడుగండి. ఒక ఊరిలో అట్టి పెద్ద పాతర గల నమ్మకస్థుడైన ఆసామి ఉన్నాడనుకొందాము. ఊరివారు తమ జొన్నలు కూడ వాని పాతరలో పోసి, వాని చేత చీటీలు వ్రాయించుకొన్నారు. నూరు మూటలు పోసినారు. నూరు మూటలకు చీటీలున్నవి. కొన్నాళ్లకు ఆ చీటీలే సంతలో చెల్ల నారంభించినవి. బట్టల వ్యాపారి చీటీ పుచ్చుకొని పంచె ఇచ్చినాడు. కుమ్మరి చీటీ పుచ్చుకొని కుండలిచ్చినాడు. పాతర తెరచి జొన్నలు కొలిపించుకొనువారు పదిమందిలో ఒక్కరు.

ఆసామి తెలివైనవాడు. ఇది కనిపెట్టినాడు. విత్తనము వేళకు అప్పడిగిన రైతుకు జొన్నలకు బదులు చీటీయే వ్రాసి ఇచ్చినాడు. పాతరలో మూటలు నూరే. ఊరిలో చీటీలు ఇప్పుడు నూటయాభై. ఆ యాభై ఎక్కడనుండి వచ్చినవి? ఆసామి కలము నుండి వచ్చినవి. పంట రాగానే రైతు అప్పు తీర్చును, ఆసామి చీటీ చింపివేయును. ఆ యాభై మరల లేవు.

బ్యాంకు చేయు పని సరిగా ఇదే. జూన్ మాసములో ఒక రైతు పంటరుణము కొరకు పోయినాడు. లక్ష రూపాయలు మంజూరైనవి. బ్యాంకువారు ఇంకొకరి ఖాతాలో తగ్గించి ఈతనికి ఇచ్చినారా? లేదు. ఎవరి ఖాతాలోను తగ్గలేదు. ఈతని ఖాతాలో లక్ష పెరిగినది. అనగా దేశములో ఆ క్షణమున లక్ష రూపాయల డబ్బు కొత్తగా పుట్టినది. పంటనమ్మి అప్పు తీర్చిన దినమున ఆ లక్ష మరల అదృశ్యమగును. మన సీమలో తొలకరికి డబ్బు మొలకెత్తును, కళ్లమునకు కోతపడును. అప్పు పుట్టిన డబ్బు పుట్టును, అప్పు తీరిన డబ్బు తరుగును. ఈ మాట మరల చెప్పుచున్నాను. వినగానే నమ్మశక్యము కాదు గనుక. అప్పు పుట్టిన డబ్బు పుట్టును, అప్పు తీరిన డబ్బు తరుగును.

మరి ఆసామి ఇష్టము వచ్చినన్ని చీటీలు వ్రాసినచో? కరువు వచ్చినది. అందరును ఒకే ఉదయము పాతర వద్దకు వచ్చినారు. మూటలు నూరు, చీటీలు ఐదువందలు. ఆసామి రాత్రికి రాత్రి ఊరు విడిచిపోవలెను. అందుచేత వానికి పైన ఒక పెద్ద ఉండి, నీ పాతరలో ఇంత భాగము కదల్చరాదని కట్టడి చేయవలెను. 1935 ఏప్రిల్ 1వ తేదీన పని మొదలుపెట్టిన మన రిజర్వు బ్యాంకు ఆ పెద్ద. బ్యాంకులు తమ డిపాజిట్లలో నూటికి ఇంత అని తన వద్ద ఉంచవలెనని అది శాసించును. దానికి నగదు నిల్వల నిష్పత్తి అని పేరు. పేరు జడిపించునది, సంగతి మాత్రము తూము పలక వంటిది. నిష్పత్తి పెంచిన తూము మూసినట్లు, తగ్గించిన తెరచినట్లు.

ఈ తూము పలక ఐదేండ్ల పాటు ఒక కడపజిల్లా మనిషి చేతిలో ఉండెను. పాటూరులో పుట్టిన యాగా వేణుగోపాల్ రెడ్డిగారు 2003 సెప్టెంబరు నుండి 2008 సెప్టెంబరు వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్నారు. ఆ కాలములో ప్రపంచమంతటి నుండి డాలర్లు మన దేశమునకు వరదవలె వచ్చి పడుచుండెను. డాలరు వచ్చిన మనకు లాభమే గదా, గవర్నరుకు చింత ఎందుకు? అది తెలియవలెనన్న పాత కడపజిల్లా లోని రాయచోటికో రాజంపేటకో పోవలెను.

ఆ ప్రాంతముల నుండి వేలాది కుటుంబములవారు కువైటుకు పోయినారు. డ్రైవర్లుగ, వంటవారుగ, ఇంటి పనివారుగ అచ్చట చెమటోడ్చి, నెలనెల ఇంటికి పైకము పంపుదురు. అచ్చట సంపాదించినది దినారు. ఇచ్చట అంగడిలో దినారు చెల్లదు. తల్లి చేతికి రూపాయలు రావలెను. బ్యాంకు ఆ విదేశీ ద్రవ్యమును పుచ్చుకొని రూపాయలిచ్చును. బ్యాంకు దానిని పెట్రోలు దిగుమతి చేయువానికి అమ్మినచో, ఉన్న రూపాయలు చేయి మారినవంతే. కాని కొనువారు చాలక, రూపాయి విలువ అమితముగా పెరుగకుండ రిజర్వు బ్యాంకే దానిని కొన్నచో, అది ఇచ్చు రూపాయలు కొత్తగా పుట్టినవి. రాయచోటి తల్లి చేతిలో పడిన ఆ రూపాయలు నిన్నటి దినము దేశములో లేవు. ఇట్లే పెట్టుబడుల రూపమున లక్షల కోట్లు వచ్చినచో చెరువు నిండి మరవ పారును.

వేణుగోపాల్ రెడ్డిగారి హయాములో చేసిన పని రెండు విధములు. 2004లో కొన్ని ప్రత్యేక ప్రభుత్వ పత్రములు అమ్మి, వచ్చిన సొమ్మును ప్రభుత్వము ఖర్చుపెట్టకుండ రిజర్వు బ్యాంకు వద్దనే కట్టి ఉంచు ఏర్పాటు జరిగినది. మరవ నీటిని తూములేని కుంటలోనికి మళ్లించినట్లన్నమాట. రెండవది, నగదు నిల్వల నిష్పత్తిని నాలుగున్నర శాతము నుండి మెట్టు మెట్టుగా పెంచి, 2008 ఆగస్టు చివరకు 9 శాతము చేయుట. అప్పుడు పరిశ్రమలవారు సణిగినారు, పత్రికలు విసుగుకొన్నవి. నీరు నిండుగా కనబడుచుండగా తూము మూయువానిని ఏ ఆయకట్టు మెచ్చుకొన్నది? ఆయన పదవి దిగిన పది దినములకే అమెరికాలో పెద్ద బ్యాంకు కుప్పకూలి, వచ్చిన డాలర్లు వచ్చిన దారినే పరుగుతీసినవి. తరువాత వచ్చిన దువ్వూరి సుబ్బారావుగారు, ఆయనయు తెలుగువారే, 2009 జనవరి నాటికి ఆ నిష్పత్తిని 5 శాతమునకు దించినారు. ముందు మూసి ఉంచిన నీరున్నందుననే గదా తరువాత తెరచుటకు వీలైనది. 2025లో ఆ నిష్పత్తి దశలవారీగా 4 నుండి 3 శాతమునకు వచ్చినది.

కువైటు చెప్పినాను గనుక ప్రొద్దుటూరు చెప్పకున్న న్యాయము కాదు. ప్రొద్దుటూరు బంగారపు అంగళ్లకు మన సీమయంతయు కదలిపోవును. బంగారము మన నేలలో పండునది అత్యల్పము. విదేశములనుండి రావలెను, డాలరిచ్చి తేవలెను. ఆ డాలరును రిజర్వు బ్యాంకు అమ్మినచో, దానికి బదులు పుచ్చుకొన్న రూపాయలు చలామణి నుండి తొలగిపోవును. రాయచోటిలో పుట్టిన రూపాయి ప్రొద్దుటూరులో గిట్టినట్లు. కట్టకు ఊట ఉండుట కూడ ఆ శాసనములో చెప్పిన దోషమే. కాని పెండ్లికి నగ చేయించుకొనవద్దని నేను మా ఇంటిలోనే చెప్పలేకపోయినాను. మీకు చెప్పు సాహసము చేయను.

శాసనములోని మరియొక దోషము, రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట. దీనికిని మనకు సాక్ష్యమున్నది. కర్నూలు పట్టణమునుండి తుంగభద్ర దాటిన అలంపూరు సీమ. పూర్వము ఇవతల మద్రాసు రాజధాని, అవతల నిజాము రాజ్యము. ఇవతల బ్రిటిషువారి కల్దారు రూపాయి, అవతల నిజాము హాలీ సిక్కా. సుమారు ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. ఒక్క ఏరు దాటగా రూపాయి మారిపోవుచుండెను. సంతకు పోయినవాడు సరుకు బేరము ఒకటి, నాణెపు బేరము ఒకటి, రెండు బేరములాడవలెను. రెండవ బేరములో లాభము ఎప్పుడును వట్టము చూచుకొనువానిదే. దేశమంతటికి ఒకే రూపాయి ఉండుట మనము ఊపిరివలె గమనింపని సౌకర్యము.

ఇక నీరు విస్తారమై నేల కొంచెమైన కథ. ఇది త్వరగా చెప్పుదును, ఏలననగా దీనిని మీ తాతలు మీకు చెప్పియే ఉందురు. రెండవ ప్రపంచయుద్ధములో బ్రిటిషు ప్రభుత్వము మన దేశములో సైన్యమునకు కావలసిన సరుకులు కొన్నది. వెల ఎట్లు ఇచ్చినది? లండనులో మనకు బాకీ అని వ్రాసికొని, ఆ బాకీ పత్రములను పూచీగా చూపి, ఇచ్చట రిజర్వు బ్యాంకుచేత నోట్లు వేయించినది. 1939 నుండి 1945 లోగా చలామణిలోని నోట్లు ఆరు రెట్లకు పైగా పెరిగినవి. సరుకులు పెరిగినవా? పెరుగకపోగా సైన్యము ఎత్తుకొనిపోగా తరిగినవి. బియ్యము కంట్రోలు, బట్ట కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు. ఆ తరమువారి నోట కంట్రోలు అను ఇంగ్లీషు మాట తెలుగు మాటయై స్థిరపడినది. చేతినిండ నోట్లు, అంగడిలో ఖాళీ గోతాలు. మడి చిన్నది, నీరు పెద్దది, పైరు కుళ్లినది.

అప్పుడు ఒక శ్రోత నన్ను అడుగవచ్చును. అయ్యా, కరువుకాలములోనైన నోట్లు వేసి బీదలకు పంచరాదా? మంచి ప్రశ్న. 1876లో ధాత కరువు వచ్చినప్పుడు కర్నూలు జిల్లా ఎంత నశించినదనగా, 1871 జనాభా లెక్కకు 1881 లెక్కకు నడుమ జిల్లాలో ప్రజలు సుమారు నాలుగవ వంతు తగ్గిపోయినారు. ఆ దినములలో బీదవాని చేతిలో నాలుగు కాసులు పడవలసినదే. పడని చోట వాడు పొరుగు జిల్లా నుండి వచ్చిన ధాన్యపు బస్తాల ఎదుటనే పస్తుండెను. కాని కాసు ఇచ్చినంతమాత్రమున చాలదు. కాసు వెంట బస్తా రావలెను. అంతకు పదేండ్ల ముందు, 1866 నాటి కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలాది మందికి గంజి పోయించినారు. ఆయన పంచినది నాణెములు కావు, అన్నము. మన సీమ ఆయనను నేటికిని పాటగా పాడుకొనుచున్నది. డబ్బు నీరు, అన్నము పైరు. నేను మొదట చెప్పిన మాటయే ఇది.

ఇక మీరు ఇంటివద్ద చేసి చూచుకొనదగిన పరీక్ష ఒకటి చెప్పుదును. ధర పెరిగినప్పుడెల్లను డబ్బు ఎక్కువైనదని పొరబడకండి. పత్తికొండ మార్కెట్టులో టమోటా ఒక నెలలో గంపెడు ఐదునూర్లు పలుకును. మరియొక నెలలో కూలికి గిట్టక రైతులు రోడ్డు మీద పారబోయుదురు. కర్నూలు ఉల్లిగడ్డ కథయు అంతే. అది దేశములోని డబ్బు చేసిన పని కాదు. వాన చేసినది, తెగులు చేసినది, అందరు ఒక్కసారి నాటుట చేసినది. ఒక్క వస్తువు ఎగిరిపడిన, ఆ వస్తువును చూడండి. టమోటా, టీ, చెప్పులు, క్షౌరము, ఇంటి బాడుగ, బస్సు టికెట్టు, ఇవి అన్నియు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని మెల్లమెల్లగా మెట్లెక్కుచున్నచో, అప్పుడు చెరువు వైపు చూడండి. ఒక్కటి పెరిగిన సరుకును అడుగండి, అన్నియు పెరిగిన డబ్బును అడుగండి. 2016 నుండి మన ప్రభుత్వము రిజర్వు బ్యాంకుకు ఒక గుర్తు పెట్టినది: ధరల పెరుగుదల ఏడాదికి నూటికి నాలుగు, రెండు అటు, రెండు ఇటు. కట్టమీద నీటిమట్టము చూపు రాతిస్తంభము వంటిదది.

నీటి పోలికతో ఇంత దూరము వచ్చినాను గనుక, ఆ పోలికలోనే ఇంకొక ముఖ్యమైన మాట మిగిలియున్నది. కర్నూలు కడప కాలువను మీరెరుగుదురు. తుంగభద్ర మీద సుంకేసుల వద్ద మొదలై, కర్నూలు, నంద్యాల సీమలు దాటి కడప దాక పోవును. 1860 దశకములో ఒక ఇంగ్లీషు కంపెనీ లాభాపేక్షతో త్రవ్వించి, నష్టపడి, 1882లో ప్రభుత్వమునకు అప్పగించినది. సుంకేసుల వద్ద తలుపులెత్తిన దినమున కడప దగ్గరి చివరి మడికి నీరు రాదు. ముందు ఎగువ మడులు తాగవలెను. అవి తాగి, ఒక్కొక్కప్పుడు రెండవసారి కూడ తాగి, మిగిలినది చివరికి వచ్చును. వచ్చునాటికి నారు ముదిరిపోయి ఉండును.

కొత్త డబ్బు కూడ ఆకాశమునుండి వానవలె అందరి మీద సమముగా పడదు. కాలువవలె ఒక తూమునుండి వచ్చును. బ్యాంకుకు దగ్గరివాడు, గుత్తేదారు, పట్టణములో స్థలములు కొని అమ్మువాడు, వీరు ఎగువ మడులవారు. పాత ధరలు ఇంకను పాతవిగా ఉండగనే వీరి చేతిలో కొత్త డబ్బు పడును. వీరు కొందురు, ధర పెరుగును. ఆ డబ్బు చేతులు మారి మారి, దిగువన దువ్వూరు దగ్గరి కూలి మనిషి కూలిగా చేరునాటికి, సంగటికి కావలసిన రాగులు అప్పటికే ప్రియమై కూర్చున్నవి. మొత్తము చెరువులో నీరెంత అను లెక్క ముంబైలోని రిజర్వు బ్యాంకులో సరిగానే తేలవచ్చును. కాని మా ఊరిలో మడులకు నీరు పంచు నీరుగంటి ఒకడు, చదువురానివాడు, ప్రతి సాయంకాలము గడ్డపార భుజాన వేసికొని ముందు కాలువ చివరికి నడిచి, అక్కడినుండి వెనుకకు తిరిగి వచ్చుచు మడులు చూచుకొనెడివాడు. తూము వద్ద ఎంత పారుచున్నదని వానినెవరైన అడిగిన, “తూము సంగతి నాకెందుకు సామీ, కడగోటి మడి తడిసిందా లేదా అది చెప్తా” అనెడివాడు.